కంప్యూటరునకు క్రొత్త సిస్టము: సొమ్ము పెట్టదగునా?

గృహిణి యెరుగని వ్యయము ఇంటిలో నుండరాదని మా తండ్రిగారు చిన్ననాట మాకు చెప్పుచుండెడివారు. బియ్యము, పప్పులు, పాలు, నూనె, చాకలిపద్దు, పిల్లల పుస్తకములు – వీనినన్నిటిని మనము లెక్కపుస్తకమున వ్రాసికొనుచునే యున్నాము. కాని మన యిండ్లలోనికి వచ్చిన కంప్యూటరు విషయమున మాత్రము, అది మగవారి వ్యవహారమనియో, పిల్లల వ్యవహారమనియో తలచి, దుకాణమువారు చెప్పిన మొత్తమును మారుమాట లేక యిచ్చివేయుచున్నాము. కూరగాయల బేరమున రెండు రూపాయలకు వాదించు మనము వేలరూపాయల చోట నోరు మెదపకుండుట వింతగాదా? మేమును నిన్నమొన్నటివరకు అట్టివారమే. మాకు కనువిప్పు కలిగిన విధమును, అందువలన నేర్చుకొన్న నాలుగు మాటలను సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. 2017వ సంవత్సరమున భవిష్యనిధినుండి కొంత అప్పు తీసికొని యొక కంప్యూటరు కొనిరి. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు, మామగారి పింఛను వ్యవహారము, అమ్మాయి పాఠములు, దూరదేశమున నున్న మా మరిదితో ఆదివారపు సంభాషణ – అన్నియు దానిమీదనే జరుగుచుండెను. ఎనిమిదేండ్లు అది చెప్పిన పని చేసినది. 2025 అక్టోబరు మాసమున నొకనాటి సాయంకాలము తెరమీద ఒక హెచ్చరిక కనబడెను. విండోస్ 10నకు సంరక్షణ ముగియుచున్నదనియు, క్రొత్తదియగు విండోస్ 11నకు మారవలసినదనియు, కాని యీ యంత్రము దానికి తగినది కాదనియు దాని సారాంశము. మామగారు కళ్లజోడు సవరించుకొని రెండుమారులు చదివి, "అయితే రేపటినుండి నా పింఛను సంగతి యేమమ్మా?" అని యడిగిరి. మాయొద్ద సమాధానము లేదు.

మరునాడు మావారు పట్టణమునకు పోయి యొక దుకాణమున విచారించి వచ్చిరి. ఆ దుకాణదారుడు రెండు మార్గములు చెప్పెనట. మొదటిది, 45,000 రూపాయలకు క్రొత్త యంత్రమును కొనుట. రెండవది, 1,500 రూపాయలిచ్చినచో నీ పాత యంత్రముననే క్రొత్త విండోసును తానెట్లో యెక్కించి యిచ్చుట. ఆ "ఎట్లో" అను మాట మాకు నచ్చలేదు. 45,000 అను మాట అంతకన్నను నచ్చలేదు. ఏలయన మా చేతిలో నించుమించు అంతసొమ్మే యున్నది. అది మేము చీటీ పాడి, అమ్మాయిని పాలిటెక్నిక్కున చేర్చుటకై దాచినది.

"ఒక్క వారము గడువిండు, ఈ సంగతి యేమో మేము విచారించెదము" అని మావారితో నంటిమి. వారు నవ్వి, "కావ్యములు చదివిన కన్నులకు కంప్యూటరు కనబడునా?" అనిరి. "అన్వయము కుదరనప్పుడు పద్యమైనను ప్రకటనయైనను ఒకటే; పదము పదము విడదీసి చదువుకొనవలసినదే" అని బదులు చెప్పితిమి. ఆ వారమున మేము చదివినదియు, తెలిసినవారి నడిగి తెలిసికొన్నదియు ఇక్కడ చెప్పెదము.

సిస్టమనగా నేమి?

కంప్యూటరును తెరచినంతనే మనకు కనబడునది ఆపరేటింగ్ సిస్టము. మీట నొక్కిన యక్షరమును తెరకు చేర్చుట, ముద్రణ యంత్రమునకు కాగితము నందించుట, ఏ పనికి ఎంత జ్ఞాపకశక్తి పంచవలయునో నిర్ణయించుట, ఏ కాగితమును ఏ యరలో దాచినది గుర్తుంచుకొనుట, వాకిట నిలిచి లోనికి వచ్చువారిని పరీక్షించుట – ఇవి దాని పనులు. ఉమ్మడి కుటుంబమున పెద్దకోడలు చేయు చాకిరి వంటిది. అన్నియు సాగుచున్నంతకాలము ఆమె యున్నదని యెవరికిని తోచదు. ఒక్కదినము మంచమెక్కినచో ఇల్లంతయు తారుమారగును.

ఈ సిస్టము విషయమున రెండు వేరువేరు పనులున్నవి. వీనిని కలిపి చూచుటవలననే మనము మోసపోవుచున్నాము. పెంకుటింటి సంగతి తలచుకొందము. ఏటేట తొలకరికి ముందు కప్పు మీది కెక్కి, పగిలిన పెంకులను తీసి క్రొత్తవి సర్దించుకొందుము. ఇది మరమ్మతు. దీనిని మానినచో మొదటి వానకే ఇల్లు కారును. ఇక నున్న యింటిమీద మేడ వేయుట మరియొక పని. ఇది మార్పు. మేడ లేకున్నను సంసారము సాగును. గోడలు మోయలేనిచోట మేడ వేసినచో ఉన్న యిల్లును కూలును. కంప్యూటరులో భద్రతకై నెలనెలకు వచ్చునవి మొదటి జాతివి. పదినుండి పదునొకండునకు మారుమనుట రెండవ జాతిది. మొదటిది సామాన్యముగా నుచితము, అత్యవసరము. రెండవదానికి సొమ్ము పెట్టదగునా యనునదే ప్రశ్న.

వెల తగ్గిన చరిత్ర

ఒకప్పుడు ఈ మేడకు వెల యెక్కువ. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వెలువడినప్పుడు, పాతదానినుండి దానికి మారువారికి అమెరికాలో ప్రకటించిన ధర సుమారు 110 డాలర్లు. అట్లయినను అర్ధరాత్రి దుకాణముల ముందు జనులు బారులు తీరి నిలిచిరి. 2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7 యొక్క గృహోపయోగపు కూర్పునకు మారుటకు 119 డాలర్ల 99 సెంట్లు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు, 2013 జనవరి 31లోపల మారువారికి 39 డాలర్ల 99 సెంట్లకే యిచ్చిరి. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు, 7గాని 8.1గాని కలవారికి ఒక సంవత్సరముపాటు ఊరకనే యిచ్చుచున్నామని చాటిరి. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 కూడ, తగిన యంత్రముండి విండోస్ 10 వాడుచున్నవారికి వెల లేనిదే.

ఆపిల్ వారి యంత్రముల కథయు నిట్టిదే. 2007లో వారి లెపర్డ్ అను కూర్పునకు 129 డాలర్లు. 2009లో వచ్చిన స్నో లెపర్డునకు 29 డాలర్లు. 2012లో మౌంటెన్ లయన్ అనుదానికి 19 డాలర్ల 99 సెంట్లు. 2013 అక్టోబరు 22న మావరిక్స్ అనునది వెల లేకుండ వచ్చెను. అందు స్నో లెపర్డు కథ చెప్పుకొనదగినది. క్రొత్త సొగసు లేమియు చేర్చలేదని దాని యజమానులే సభలో చెప్పిరి. లోపలి పనితనమును చక్కబరచి, యంత్రములో స్థలమును మిగిల్చి, దానికి 29 డాలర్లు పుచ్చుకొనిరి. మేడ కట్టక పెంకులు సర్దినందుకు పుచ్చుకొన్న కూలి యన్నమాట. కొన్నవారు చాలమంది సంతోషించిరి.

వెల లేకుండ నిచ్చుట కేవలము దానబుద్ధి యనుకొనరాదు. ఆపిల్ వారికి యంత్రమును అమ్ముటవలన లాభము. మైక్రోసాఫ్టువారికి క్రొత్త యంత్రములు తయారుచేయువారు కట్టు రుసుమువలనను, ఏటేట చందా కట్టించు సేవలవలనను లాభము. గూగుల్ వారికి ప్రకటనలవలన లాభము. అందరును ఒకే కూర్పులో నున్నచో పాత కూర్పులను సంరక్షించు శ్రమయు వారికి తగ్గును. కనుక నేడు సిస్టము మార్పునకు మనము కట్టు వెల తరచు రసీదుమీద కనబడదు. అది క్రొత్త యంత్రపు వెలలో నుండును, చందాలలో నుండును, మన వివరములను వారికి తెలియజేయుటలో నుండును. కొన్నిచోట్ల రసీదుమీదను ఉండును. విండోసునందు గృహముల కూర్పునుండి ఉద్యోగుల కూర్పునకు మారుటకు అమెరికాలో 99 డాలర్లు పుచ్చుకొనుచు వచ్చిరి. దూరమునుండి తన యంత్రమును తెరచి వాడుకొనుట, పెద్ద కార్యాలయపు కట్టుబాట్లు – ఇట్టివి దాని ప్రయోజనములు. మార్కుల పట్టికలు వ్రాసికొను మావంటి యిండ్లకు దానితో పని లేదు.

హెచ్చరికలోని అర్థము

ఇక మా తెరమీది హెచ్చరికను పదము పదముగా విడదీసితిమి. విండోస్ 10నకు సామాన్య సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. ముగిసినదనగా యంత్రము ఆగిపోవునని యర్థము కాదు. మరునాడును దీపము వెలుగును, అక్షరము పడును, పింఛను కనబడును. ఈ మాట చెప్పగానే మామగారి ముఖమున వెలుగు వచ్చెను. కాని అంతటితో నిశ్చింతగా నుండరాదు. కప్పు సర్దు మనిషి రాడని దాని యర్థము. ఇల్లు వెంటనే కూలదు. పెంకు పగిలినప్పుడెల్ల ఒక రంధ్రము నిలిచిపోవును. రంధ్రములకై వెదకు దొంగలు లోకమున కలరు.

మరి మా యంత్రము విండోస్ 11నకు ఏల తగదు? దానికి 4 జీబీ జ్ఞాపకశక్తి, 64 జీబీ నిలువస్థలము చాలునన్నారు. అవి మాకు కలవు. కాని టీపీఎం 2.0 అను భద్రతాభాగము, సెక్యూర్ బూట్ అను ఏర్పాటు కావలెను. ఇంటెల్ వారి ప్రాసెసరయినచో సామాన్యముగా ఎనిమిదవ తరమునుండి మాత్రమే అనుమతించిరి. మాది ఏడవ తరము. అనగా మంచి దశలో నున్న యంత్రమును, ఒక్క మెట్టు వెనుక పుట్టినదను కారణముచేత, పంక్తినుండి లేపివేసిరి. భద్రతకు ఆ భాగములు ఉపకరించునన్న మాట నిజమే. కాని యెనిమిదేండ్లకే నడుచు యంత్రమును పారవేయుమనుట మావంటి సంసారులకు మ్రింగుడుపడని మాట.

దుకాణదారుడు చెప్పని మూడవ మార్గ మొకటి కలదు. విండోస్ 10నందలి 22హెచ్2 అను కూర్పు గల యిండ్లవారికి, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులను మాత్రము పంపుదుమని మైక్రోసాఫ్టువారు ప్రకటించిరి. అందులో చేరుటకు మూడు దారు లిచ్చిరి. 30 డాలర్లుగాని తత్సమానమైన దేశీయ ధనముగాని కట్టుట ఒకటి. వారి బహుమాన పథకములోని 1,000 గుణములను వెచ్చించుట రెండవది. యంత్రపు అమరికలను వారి ఖాతాలో దాచుటకు ఒప్పుకొన్నచో వెల లేకుండ చేరుట మూడవది. మూడింటికిని వారి ఖాతా యుండవలెను. ఒక్క చేరికతో నొకే ఖాతాక్రింది పది యంత్రములవరకు రక్షణ పొందవచ్చును. క్రొత్త సౌకర్యము లేమియు రావు. కప్పు మాత్రము సర్దుదురు. మాకు కావలసినది సరిగా నదియే.

మరమ్మతు మానిన ఫలము

కప్పు సర్దకుండుటవలన నేమగునో లోకము 2017లో చూచినది. ఆ సంవత్సరము మే 12న వానాక్రై అను ఉపద్రవము బయలుదేరి, 150 దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములను తాకెను. అది యంత్రములోని కాగితములన్నిటిని తాళము వేసి, తాళపుచెవికి సొమ్ము అడుగును. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలు రోగులను వెనుకకు పంపవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశమున కొన్ని పోలీసు కార్యాలయముల యంత్రములకును అది సోకినట్లు పత్రికలు వ్రాసినవి.

ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఆ రంధ్రమును పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టువారు అంతకు రెండు నెలలకు ముందే, మార్చి 14న, ఊరకనే పంపియుండిరి. దెబ్బతిన్న యంత్రములలో పెక్కు విండోస్ 7 కలవి; ఆనాటికి దానికి సంరక్షణ యింకను ఉన్నది, 2020 జనవరి 14 వరకును ఉండెను. అనగా వారు చెడినది మేడ వేయకపోవుటవలన కాదు. ఇంటికి వచ్చిన పెంకులను కప్పున కెక్కించకపోవుటవలన. "తర్వాత చూతము" అని మీట నొక్కి ప్రక్కకు త్రోయు నలవాటు మన యిండ్లలో నెందరికి లేదు? మా అమ్మాయియు నట్లే చేయుచుండెనని అప్పుడే మాకు తెలిసినది.

లక్కయింటి బేరము

ఇక 1,500 రూపాయల మార్గమును గూర్చి. విచారింపగా అది రెండువిధములుగా నుండవచ్చునని తెలిసినది. నిజమైన విండోసునే, యంత్రపరీక్షను దాటవేసి యెక్కించుట యొకటి. అట్లెక్కించినచో ముందు ముందు మరమ్మతులు వచ్చునని హామీ లేదని మైక్రోసాఫ్టువారే చెప్పిరి. దొంగ ప్రతిని ఎక్కించుట రెండవది. ఇది మన పట్టణములలో సర్వసామాన్యము. భారతమున వారణావతమునందలి లక్కయిల్లు మీకు జ్ఞాపకముండును. చూచుటకు క్రొత్తది, చక్కనిది, సర్వోపచారములు కలది. గోడలలో మాత్రము నేయియు లక్కయు. దొంగ ప్రతిలో లోపల నేమి మెత్తిరో కట్టినవానికే తెలియును. విదురుడు ముందుగా సూచించెను గనుక పాండవులు సొరంగము త్రవ్వుకొని బయటపడిరి. మా యెరిగిన యొక యింటికి విదురుడు లేకపోయెను. తక్కువ సొమ్ముకు వచ్చినదని దొంగ ప్రతి నెక్కించుకొనిరి. కొన్ని నెలలకు వారి పెద్దమ్మాయి వివాహపు ఛాయాచిత్రములన్నియు తాళము పడిపోయినవి. ఆ తల్లి మాతో చెప్పుచు కంటనీరు పెట్టుకొన్నది. ఆ చిత్రములలో నామె తండ్రిగారు కలరట. వివాహమైన మరుసటి యేటనే వారు కాలధర్మము చెందిరి.

సార్థకమైన మార్పు, వ్యర్థమైన మార్పు

ఇంతమాత్రముచేత మార్పులన్నియు దండుగయని మా మతము కాదు. 2001 అక్టోబరు 25న వెలువడిన విండోస్ ఎక్స్‌పీ యందు మన తెలుగు లిపికి స్థానము దొరకెను. "గౌతమి" అను పేర, మన గోదావరి పాయ పేరనే, తెలుగక్షరముల నందు చేర్చిరి. అంతకుముందు తెలుగు వ్రాయవలెనన్న వేరుగా నక్షరముల సంచి కొనవలెను. ఆ సంచి యవతలివారికి లేనిచో మన యుత్తరము వారికి పిచ్చిగీతలుగా కనబడును. అట్లే 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చువరకు ఫోనులలో తెలుగునకు సిస్టములోనే చోటు లేదు. పెక్కు ఫోనులలో తెలుగు మాటకు బదులు వరుసగా గడులు కనబడుచుండెడివి. తెలుగు చదువుకొను గృహిణికి అట్టి మార్పునకు సొమ్ము పెట్టుట సార్థకమే. అది మేడకాదు, లేని గుమ్మమును తెరచుట.

మరియొక ప్రక్క చూడుడు. 2007 జనవరి 30న విస్టా అను కూర్పు వచ్చెను. దానికి తగినదని ముద్రవేసి యమ్మిన యంత్రములలో కొన్ని దాని సొగసులను మోయలేకపోయినవి. ఆ ముద్రనుగూర్చి అమెరికాలో వ్యాజ్యము కూడ నడచెను. ముద్రను నమ్మి కొన్నవారికి మందగించిన యంత్రము మిగిలినది. క్రొత్తది గావున మంచిదను మాటకును, పాతది గావున మంచిదను మాటకును రెండింటికిని ఆధారము లేదు.

మార్పునకు వెల లేదన్నను వెంటవచ్చు వ్యయములు కొన్ని కలవు. పాత ముద్రణ యంత్రము క్రొత్త సిస్టముతో మాటలాడకపోవచ్చును. పాత లెక్కల కార్యక్రమము తెరచుకొనకపోవచ్చును. డెబ్బదేండ్ల మామగారు ఎడమచేతివైపున నున్న మీట నడుమకు వచ్చినదని నాలుగుదినములు తికమకపడవచ్చును. వారి తికమకకు రూపాయలలో విలువ కట్టలేము గాని, దానిని లెక్కలోనికి తీసికొనని గృహిణి మంచి గృహిణి కాదు.

వెల లేని మరియొక యిల్లు

సొమ్ము లేకుండ దొరకు న్యాయమైన మార్గము మరియొకటి యున్నది. ఫిన్లండు దేశపు హెల్సింకి నగరమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 1991లో ప్రారంభించిన లినక్సు అనునది దానికి మూలము. లోకమున వేలకొలది జనులు కలిసి పెంచినది. ఎవరైనను ఊరక తీసికొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 2004లో పుట్టిన ఉబుంటు అనునది అందొక కూర్పు. రెండేండ్లకొకమారు వచ్చు దాని దీర్ఘకాలపు కూర్పులకు ఐదేండ్లు మరమ్మతులు వచ్చును. కేరళమున ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు కంప్యూటరు విద్యను ఇట్టి స్వేచ్ఛా సాఫ్టువేరుమీదనే నేర్పుచు వచ్చిరి.

దీనిని పెన్‌డ్రైవునుండి నడిపి, ఉన్నదానిని కదపకుండ రుచి చూడవచ్చుననుట మాకు మిక్కిలి నచ్చినది. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచినట్లు, ఒక ఆదివారము మా అమ్మాయి పెన్‌డ్రైవు పెట్టి చూపినది. తెలుగు చక్కగా కనబడెను. మార్కుల పట్టికలు తెరచుకొన్నవి. మా పాత ముద్రణ యంత్రము మాత్రము మొండికెత్తి, చివరకు సాయంకాలమునకు దారికి వచ్చెను. విండోసుకొరకే వ్రాసిన కార్యక్రమములు కొన్ని యిందు నడువవు. కావున తమ పనికి కావలసినవేవో ముందుగా చూచుకొనకుండ మారరాదు.

ఫోనుల విషయమున నొక్కమాట. అందు మార్పునకు వేరుగా సొమ్ము అడుగరు. కాని మరమ్మతులు కొన్నియేండ్లకు ఆగిపోవును. 2023లో వచ్చిన పిక్సెల్ 8నకును, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24నకును ఏడేండ్లు ఇత్తుమని వాని తయారీదారులు మాట యిచ్చిరి; తక్కువ వెలగల ఫోనులకు తరచు అంతకన్న తక్కువ. కావున ఫోను కొనునప్పుడు ఛాయాచిత్రముల సొగసు చూచుటకు ముందు, "ఎన్నియేండ్లు మరమ్మతులు వచ్చును?" అని యడుగవలెను. వెలను ఆ యేండ్లచేత భాగించినచో నిజమైన ధర తెలియును. 12,000 రూపాయల ఫోనుకు మూడేండ్లయినచో ఏటికి 4,000. 21,000 రూపాయలదానికి ఏడేండ్లయినచో ఏటికి 3,000. పట్టుచీరను కొనునప్పుడు మన పెద్దలు వేయు లెక్కయే యిది.

మేము చేసినది

వారము ముగిసినది. భోజనానంతరము మావారిని, మామగారిని కూర్చుండబెట్టి, లెక్కపుస్తకము తెరచి చదివితిమి. మొదట, ముఖ్యమైన కాగితములను, ఛాయాచిత్రములను వేరొక డిస్కులోనికి ప్రతితీయుట. రెండవది, వెల లేని దారిని ఆ యేటి మరమ్మతులలో చేరుట. మూడవది, "తర్వాత చూతము" అను మీటను ఇంటిలో నెవరును నొక్కరాదని నియమము. నాలుగవది, ఆ గడువు తీరులోపల లినక్సు నలవాటు చేసికొని, ఆ పిమ్మట యంత్రమును దానికే యప్పగించుట. మావారు కొంతసేపు మౌనముగా నుండి, "పదము పదము విడదీసినమాట నిజమే" అనిరి. మామగారు, "నా మీట యున్నచోటనే యుండును గదా?" అని యడిగిరి. ఉండునని చెప్పితిమి. చీటీసొమ్ము అమ్మాయి చదువునకై దాచినచోటనే యున్నది.

మా యింటికి సరిపడినది మీ యింటికి సరిపడకపోవచ్చును. అందుచే మారుమని యెవరైన చెప్పినప్పుడు మీరు వేసికొనవలసిన ప్రశ్నలు నాలుగు వ్రాయుచున్నాము. ఉన్నదానికి మరమ్మతులు నిజముగా ఆగిపోయినవా? మన యంత్రము క్రొత్తదానిని మోయగలదా? క్రొత్తది లేక ఆగిపోవు పని మనకు ఒక్కటైనను ఉన్నదా? సొమ్ముగాక అది మననుండి మరేమి యడుగుచున్నది? మొదటి మూడింటికి అవునని వచ్చి, నాల్గవదానికి మనస్సు ఒప్పుకొన్నచో సంతోషముగా మారవచ్చును. అట్టిచోట సొమ్ము పెట్టినను దండుగ కాదు. మరమ్మతు ఆగినను తక్కినవి కుదరనిచో మేము వెదకుకొన్నట్లు వేరుదారి వెదకవలెను. మరమ్మతు లేని యంత్రముమీద పింఛను వ్యవహారముగాని బ్యాంకు వ్యవహారముగాని చేయుట మాత్రము ఎన్నటికిని తగదు.

తొలకరికి ముందు కప్పు చూచుకొను బుద్ధి మన తల్లులు మనకు నేర్పినదే. పెంకు మారినది గాని ఆ బుద్ధి మారనక్కరలేదు. ఈసారి దుకాణమునకు మగవారిని మాత్రమే పంపక, లెక్కపుస్తకము చేతబట్టి మీరును వెంట పొండు.